అంత్యక్రియలకు రాలేకపోయిన నావికుడు

కోటు వేసుకున్న ఒక మనిషి. మెడకు టై ఉంది. మెడ పైన ఉండాల్సిన మనిషి ముఖం మాత్రం లేదు, కార్టూన్ రంగుల్లో గీసిన పెద్ద పంది తల ఉంది. అది ముసుగు కాదు కాబట్టి లాగితే ఊడిరాదు. అతను ఇంటికి చేరి, షవర్ కింద నిలబడి, టర్పెంటైన్‌తో ఆ తలను రుద్ది రుద్ది కడుక్కుంటాడు. రంగులు కరిగి నీళ్ళతో పాటు జారిపోతాయి. లోపలి నుంచి మనిషి బయటపడతాడు.

1988లో వచ్చిన ‘హూ ఫ్రేమ్డ్ రోజర్ రాబిట్’ కోసం ఈ దృశ్యాన్ని చిత్రీకరించారు, బొమ్మ గీశారు, రెండింటినీ అతికి పూర్తి చేశారు. థియేటర్లలో ఆడిన సినిమాలో మాత్రం అది లేదు. చాలా ఏళ్ళ తర్వాత డీవీడీలో తొలగించిన దృశ్యంగా చూశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అంత శ్రమ పోసి, అంత బాగా వచ్చినదాన్ని పక్కన పెట్టడానికి వాళ్ళకు మనసెలా ఒప్పింది అన్నదే ఆలోచన. ఇప్పుడు నా అభిప్రాయం వేరు. ఆ దృశ్యాన్ని తీసేయడం సరైన పని. కానీ అదే సినిమాలో కనిపించకుండా పోయిన మరికొందరి విషయంలో నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి ‘అయ్యో, తీసేశారు’ అని బాధపడటం నాకు నచ్చదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

సినిమా చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. 1947 నాటి లాస్ ఏంజెలిస్. అక్కడ కార్టూన్ బొమ్మలు కూడా మనుషుల్లాగే బతుకుతాయి, స్టూడియోల్లో నటులుగా పని చేస్తాయి, టూన్‌టౌన్ అనే తమ ఊళ్ళో ఉంటాయి. ఎడ్డీ వాలియంట్ అనే ప్రైవేటు డిటెక్టివ్‌కు ఆ బొమ్మలంటే మంట. అతని తమ్ముడు టెడ్డీని ఓ కార్టూన్ బొమ్మ నెత్తిన పియానో పడేసి చంపింది. టూన్‌టౌన్ సొంతదారు మార్విన్ ఆక్మీ హత్యకు గురవుతాడు. నేరం రోజర్ అనే కుందేలు మీద పడుతుంది. ఆక్మీ రాసిన వీలునామా దొరికితే ఆ ఊరు బొమ్మలకే దక్కుతుంది. దొరక్కపోతే జడ్జి డూమ్ దాన్ని నేలమట్టం చేసి, ఆ దారిన పెద్ద రహదారి వేస్తాడు. దర్శకుడు రాబర్ట్ జెమెకిస్. బొమ్మల బాధ్యత రిచర్డ్ విలియమ్స్‌ది. ఆయన బృందం లండన్‌లో కూర్చుని గీసింది.

ఇక నా సంగతి. హైదరాబాదులో ఒక యానిమేషన్ స్టూడియోలో కొన్నేళ్ళు పని చేశాను. పరాయి దేశపు పిల్లల సీరియళ్ళకు ఇక్కడ బొమ్మలు గీసేవాళ్ళం. చేరిన మొదటి ఏడాది నాకు ఎనిమిది సెకన్ల షాటు ఒకటి అప్పగించారు. ఒక ముసలి తాబేలు వానలో గొడుగు తెరవాలి, అది తెరుచుకోదు, కోపగించి దాన్ని పారేసి చిప్పలోకి ముడుచుకోవాలి. మూడు వారాలు దాని మీదే ఉన్నాను. మా వీధిలో ఉండే ఒక పెద్దాయన గొడుగును విదిలించే తీరును ఆ తాబేలుకు ఇచ్చాను. ఎపిసోడ్ పంపే ముందు రోజు మా సీనియర్ పిలిచి, “షాటు చాలా బాగుందమ్మా, కానీ కథ అక్కడ ఆగిపోతోంది” అన్నారు. అంతే, తీసేశారు. బస్సులో ఏడుస్తూ ఇంటికి వెళ్ళాను. ఆరు నెలల తర్వాత ఆ ఎపిసోడ్ మళ్ళీ చూసినప్పుడు ఆయన మాట నిజమని తెలిసింది. తాబేలు చిప్పలోకి ముడుచుకునేసరికి, వానలో తప్పిపోయిన పిల్ల ఏమైందో చూసేవారికి గుర్తుండదు.

పంది తల విషయంలోనూ అంతే. ఆ దృశ్యం ఉన్న క్రమంలో జడ్జి డూమ్ అనుచరులు ఎడ్డీని రాత్రిపూట పట్టుకుని టూన్‌టౌన్‌లోకి లాక్కుపోతారు. కాసేపటికి బయటకు గెంటేస్తారు. అప్పటికి అతని తల మారిపోయి ఉంటుంది. చూడటానికి అద్భుతమైన సంగతే. అయితే సినిమా చివరి భాగంలో ఎడ్డీ తనంతట తాను టూన్‌టౌన్‌కు బయలుదేరతాడు. తమ్ముణ్ణి మింగిన ఊరు అది, ఏళ్ళ తరబడి అడుగు పెట్టని ఊరు. సొరంగం ముందు కారు ఆపి, చేతిలోని మద్యం సీసా వైపు చూసి, తాగకుండా పారబోస్తాడు. ఆ తర్వాతే ఆ చీకట్లోకి వెళ్తాడు. అవతలి వైపు తెర తొలగి రంగుల లోకం పాడుతూ ఎదురవుతుంది. అప్పటికే ఒకసారి అతన్ని ఎవరో ఎత్తుకెళ్ళి ఆ ఊళ్ళో పడేసి ఉంటే, పారబోసిన ఆ సీసాకు ఇంత బరువు ఉండేదా? తొలి అడుగు తొలి అడుగుగానే మిగలాలి. దాని కోసం అంతకంటే చిన్నదాన్ని వదులుకున్నారు.

దీనివల్ల పోయినది ఏమీ లేదని నేను అనను. ఈ సినిమాలో బొమ్మల్ని చంపగలిగేది ఒక్కటే, డిప్ అనే ద్రావకం. టర్పెంటైన్, అసిటోన్, బెంజీన్ కలిపిన మిశ్రమం అది. రంగును కరిగించే రసాయనాలు ఇవి. పాత స్టూడియోల్లో సెల్ అనే పారదర్శకమైన పల్చటి రేకు మీద బొమ్మ గీసి, రంగు వేసి, కెమెరాతో ఫొటో తీసేవారు. పని అయిపోయాక చాలా సెల్స్‌ను కడిగేసి మళ్ళీ వాడుకునేవారు. అంటే చేతితో గీసిన బొమ్మకు చావు నిజంగానే కడుగుడులో ఉండేది. షవర్ కింద ఎడ్డీ టర్పెంటైన్‌తో ముఖం కడుక్కుంటున్నప్పుడు ఆ భయం ఒక మనిషి చర్మానికి తగులుతుంది. ఆ స్పర్శ పోయింది. అయినా తూకం వేస్తే సొరంగం వైపే ముల్లు మొగ్గుతుంది.

జడ్జి డూమ్ విషయంలో కత్తెర ఇంకా లోతుగా పని చేసింది. కథను గ్యారీ వుల్ఫ్ 1981లో రాసిన నవల నుంచి తీసుకున్నారు. ఆ నవలలో ఉన్నవి వార్తాపత్రికల్లో అచ్చయ్యే కామిక్ బొమ్మలు. వాటి మాటలు బుడగలై గాలిలో కనిపిస్తాయి. వెండితెర కార్టూన్ల లోకంగా దాన్ని మార్చింది సినిమా వాళ్ళే. తొలి ప్రయత్నాల్లో డిస్నీ సంస్థ వేరే రోజర్‌ను గీయించి పరీక్షించింది. ఆ రోజర్‌కు గొంతు ఇచ్చింది పాల్ రూబెన్స్. ఆ కుందేలు అక్కడే ఆగిపోయింది. రచయితలు జెఫ్రీ ప్రైస్, పీటర్ సీమన్ విలన్‌గా ఒకసారి రోజర్ భార్య జెస్సికాను, ఒకసారి రోజర్‌తో కలిసి నటించే బేబీ హెర్మన్‌ను ఊహించి చూశారు. చివరికి డూమ్ పుట్టాడు.

పుట్టిన డూమ్‌కు మొదట చాలా అలంకారాలు ఉండేవి. భుజం మీద ఒక కార్టూన్ రాబందు. చేతిలో ఒక పెట్టె. అది తెరిస్తే పన్నెండు చిన్న కంగారూలు బయటికి వచ్చి జ్యూరీలా కూర్చుంటాయి. వాటి సంచుల్లోంచి పన్నెండు పిల్లలు ఒక్కో అక్షరం పట్టుకుని లేస్తాయి. అన్నీ కలిపి చదివితే ‘నువ్వు దోషివి’ అని అర్థమొచ్చే ఇంగ్లీషు వాక్యం. సరిగ్గా పన్నెండు అక్షరాలు! న్యాయం పేరుతో జరిగే బూటకపు విచారణను ఇంగ్లీషులో ‘కంగారూ కోర్టు’ అంటారు, ఆ నుడికారమే ఇక్కడ బొమ్మ కట్టింది. ఈ ఆలోచన చదివినప్పుడు నాకు గట్టిగా చప్పట్లు కొట్టాలనిపించింది.

కానీ ఈ సినిమా బొమ్మలు ఎలా తయారయ్యాయో తెలిసినవారికి ఆ పెట్టెను చూస్తే వెన్నులో చలి పుడుతుంది. ముందు నటులతో షాటు తీస్తారు. దాని ప్రతి ఫ్రేమును పెద్ద కాగితంపై ముద్రించి, దాని మీద యానిమేటర్ బొమ్మ గీస్తాడు. సెకనుకు 24 ఫ్రేములు. గీసిన బొమ్మకు నీడ వేరు, వెలుగు వేరు, అంచున మెరుపు వేరు. వీటన్నిటినీ విడివిడి పొరలుగా సిద్ధం చేసి ఒకదాని మీద ఒకటి ముద్రించాలి. కెమెరా కదిలితే బొమ్మ కోణం కూడా ఫ్రేము ఫ్రేముకూ మారాలి. మనుషులూ బొమ్మలూ కలిసి కనిపించే సినిమాల్లో అప్పటిదాకా ఎక్కువగా కెమెరాను బిగించి ఉంచేవారు. విలియమ్స్ అలా కట్టేయడానికి ఒప్పుకోలేదు. భుజం మీద రాబందు అంటే నటుడు ఊపిరి పీల్చినప్పుడల్లా అది కూడా పైకి కిందికి కదలాలి. కంగారూలు, పిల్లలు కలిపి ఇరవై నాలుగు ప్రాణులు ఒకే షాటులో. ఖర్చు, సాంకేతిక కష్టం అడ్డొచ్చి రెండింటినీ వదిలేశారు.

ఖర్చు కారణంగా పోయినా కథకు మేలే జరిగిందని నేను వాదిస్తాను. భుజం మీద రాబందు కనిపించగానే ‘వీడు దుర్మార్గుడు’ అని ప్రేక్షకుడికి చెప్పేసినట్టే. అది లేకపోయేసరికి ఆ భారమంతా క్రిస్టఫర్ లాయిడ్ మీద పడింది. ఆయన తెర మీద కళ్ళార్పకుండా నటించాడు. నల్ల దుస్తుల్లో ఒక నిటారు మనిషి, ఆర్పని కళ్ళు. అంతే. చివర అతనూ కార్టూన్ బొమ్మేనని తెలిసినప్పుడు ఆ కళ్ళు గుర్తొచ్చి మళ్ళీ భయపెడతాయి. చుట్టూ బొమ్మల పటాలం పెట్టుకుని తిరిగే జడ్జి అయితే ఈ రహస్యం ఎప్పుడో బయటపడేది.

మరొక ఆలోచన ఉండేది. బ్యాంబీ తల్లిని చంపింది ఈ డూమే అని. 1942 నాటి ఆ సినిమా చూసిన ఏ పిల్లవాడూ ఆ తుపాకీ చప్పుడును మరచిపోడు. కాల్చినవాడు ఎవరో తెర మీద కనిపించడు. ఆ కనిపించని చేయి డూమ్‌ది అని చెబితే అమెరికన్ ప్రేక్షకుల గుండె ఒక్కసారిగా జల్లుమనేది. కానీ అది అరువు దుఃఖం. ఇంకో సినిమా పెంచి పోషించిన కన్నీటిని తెచ్చుకుని వాడుకోవడం అవుతుంది. దాని బదులు ఈ సినిమాలో ఒక బూటు ఉంది. పేరు లేని, మాటలు రాని చిన్న కార్టూన్ బూటు. కుక్కపిల్లలా డూమ్ కాళ్ళకు రాసుకుంటుంది. అతను దాన్ని ఎత్తి, అది కీచుమంటూ గింజుకుంటుండగా డిప్‌లో మెల్లగా ముంచేస్తాడు. అంతకు ముందు నిమిషం దాకా మనకు ఆ బూటెవరో తెలియదు. అయినా నలభై దాటిన వయసులో కూడా ఆ దృశ్యం వస్తే నేను తల పక్కకు తిప్పుకుంటాను. ఆ బూటు చావు పూర్తిగా ఈ సినిమా సొంతం, ఎవరి దగ్గరా అప్పు చేయలేదు. డూమ్ చేసిన పాత నేరంగా కూడా ఒక్కటే మిగిలింది, ఎడ్డీ తమ్ముడి హత్య. ఒక్కటే గాయం కాబట్టే అది సూటిగా తగులుతుంది.

డూమ్ అనుచరులైన వీజెళ్ళు (ముంగిసను పోలిన జంతువులు) కూడా మొదట ఏడుగురు. స్నో వైట్‌లోని ఏడుగురు మరుగుజ్జులకు వికృత ప్రతిబింబంగా అనుకున్నారు. స్లైమీ, స్లీజీ అనే ఇద్దర్ని తీసేసి ఐదుగుర్ని ఉంచారు. దీని గురించి చెప్పడానికి నా దగ్గర ఎక్కువ లేదు, ఐదుగురే సరిపోయారు.

మరుగుజ్జుల పేరు వచ్చింది కనుక వార్డ్ కింబల్‌ను తలచుకోకుండా ముందుకు పోలేను. 1937 నాటి ‘స్నో వైట్’ కోసం ఆ యువ యానిమేటర్ మరుగుజ్జులు జుర్రుజుర్రుమంటూ సూప్ తాగే దృశ్యాన్ని నెలల తరబడి గీశాడు. అందరూ మెచ్చుకున్నారు. రంగులు వేసే దశకు చేరకముందే వాల్ట్ డిస్నీ దాన్ని తీసేశాడు. రాణి విషం కలిపిన పండుతో బయలుదేరబోతుంటే ఇక్కడ సూప్ దగ్గర కూర్చోవడం కుదరదు కదా. కింబల్ ఉద్యోగం మానేయాలనుకున్నాడు. డిస్నీ అతన్ని పిలిచి మాట్లాడి, తర్వాతి సినిమా ‘పినోకియో’లో జిమినీ క్రికెట్ పాత్రను అప్పగించాడు. ఆ సూప్ దృశ్యాన్ని 1956లో డిస్నీ తన టీవీ కార్యక్రమంలో పెన్సిల్ గీతలతో ఉన్నది ఉన్నట్టుగా చూపించాడు కూడా. తీసేయడానికి కారణం కథ. తీసేశాక పనిమంతుడికి గౌరవం దక్కింది. పని భద్రంగా నిలిచింది. నా మనసు ఒప్పుకునే కత్తెర ఇది.

ఇప్పుడు ఒప్పుకోని దాని దగ్గరకు వస్తాను.

ఆక్మీ హత్య తర్వాత అతని అంత్యక్రియల దృశ్యం ఒకటి అనుకున్నారు. స్టోరీబోర్డు దాకా, అంటే షాట్లను వరుస బొమ్మలుగా గీసుకునే దశ దాకా, వచ్చి ఆగిపోయింది. ఫోగ్‌హార్న్ లెగ్‌హార్న్ అనే పెద్ద గొంతు కోడిపుంజు లేచి చనిపోయినవాడి గురించి ప్రసంగించాలి. వేర్వేరు స్టూడియోల్లో పుట్టి, ఏనాడూ ఒక తెర మీద కలవని బొమ్మలన్నీ అక్కడ తలలు వంచి నిలబడాలి. నిడివి దృష్ట్యా దాన్ని వదిలేశారు. కథ పరంగా నేనైనా అదే చేసేదాన్ని. ప్రేక్షకుడు కథ మరచిపోయి ఎవరెవరు వచ్చారో లెక్క పెడుతూ కూర్చుంటాడు. అయితే ఆ దృశ్యం ఉండి ఉన్నా అందులో ఖాళీలు ఉండేవి. నావికుడు పొపాయ్, టామ్ అండ్ జెర్రీ, లిటిల్ లులు, క్యాస్పర్, వీళ్ళందరినీ సినిమాలోకి తేవాలని ప్రయత్నించారు. హక్కులు కుదరలేదు. కథకు పొసగలేదని ఎవరూ వాళ్ళను తిరస్కరించలేదు. సంతకాలు పడలేదు, అంతే.

మా అక్క కొడుక్కి ఈ సినిమా చూపించినప్పుడు వాడు మొదటి పది నిమిషాల్లోనే అడిగాడు, “టామ్, జెర్రీ ఎప్పుడొస్తారు పిన్నీ?” అని. మన ఇళ్ళలో పిల్లలకు కార్టూన్ అంటే ముందు గుర్తొచ్చేది వాళ్ళిద్దరే. సినిమా అయిపోయేదాకా వాడు ఎదురుచూస్తూనే ఉన్నాడు. వాళ్ళు రారని ముందే చెప్పడానికి నాకు నోరు రాలేదు.

బెట్టీ బూప్‌ను చూడండి. ఇంక్ అండ్ పెయింట్ క్లబ్బులో ఆమె సిగరెట్లు అమ్ముతూ కనిపిస్తుంది. చుట్టూ అంతా రంగుల్లో, ఆమె మాత్రం నలుపు తెలుపుల్లో. కార్టూన్లకు రంగులొచ్చాక పని తగ్గిందని ఎడ్డీతో చెప్పుకుంటుంది. ఆ గొంతు మే క్వెస్టెల్‌ది, 1930లలో బెట్టీకి గొంతు ఇచ్చిన మనిషే. అదే క్వెస్టెల్ ఆ రోజుల్లోనే పొపాయ్ ప్రేయసి ఆలివ్ ఆయిల్‌కు కూడా గొంతు ఇచ్చింది. బెట్టీ, పొపాయ్ ఇద్దరూ ఫ్లైషర్ స్టూడియోలో తెరకెక్కిన బొమ్మలే. యాభై ఏళ్ళ తర్వాత ఆలివ్ గొంతు రికార్డింగ్ గదిలోకి నడిచి వచ్చింది, పొపాయ్‌కి మాత్రం అనుమతి లేదు. ఈ ఒక్క సంగతి నన్ను ఎన్నిసార్లు కలచివేసిందో చెప్పలేను.

అనుమతి దొరికినవాళ్ళకైనా స్వేచ్ఛ లేదు. వార్నర్ సంస్థ షరతు ప్రకారం తమ బగ్స్ బన్నీ, డిస్నీ వారి మిక్కీ మౌస్ తెర మీద సమానంగా కనిపించాలి. అందుకే ఎడ్డీ ఆకాశం నుంచి పడిపోతున్నప్పుడు ఇద్దరూ చెరో పక్కన పారాచూట్లతో జంటగా వస్తారు. డాఫీ, డోనాల్డ్ బాతులు రెండు పియానోల మీద పోటీ పడతాయి. ఆ కట్టుబాటులోంచే అంత చక్కటి దృశ్యాలు పుట్టించిన జెమెకిస్ బృందాన్ని ఎంత పొగిడినా తక్కువే. అది వాళ్ళ ప్రతిభ. దాన్ని చూపించి షరతులు మంచివేనని అనడం మాత్రం అన్యాయం.

ఈ సినిమా కథ అంతా ఒక కాగితం చుట్టూ తిరుగుతుంది. ఊరు బొమ్మలకే చెందుతుందని చెప్పే వీలునామా. కంటికి కనిపించని సిరాతో రాసిన ఆ వీలునామా చివర్లో బయటపడి, బొమ్మలన్నీ పండగ చేసుకుంటాయి. తెర బయట అలాంటి వీలునామా ఎవరూ రాయలేదు. అక్కడ ప్రతి బొమ్మా ఏదో ఒక సంస్థ ఆస్తి. గీసినవాడికీ హక్కు లేదు, చూసి పెరిగినవాడికీ లేదు. ఆ హక్కు కూడా శాశ్వతమేమీ కాదు. అమెరికా చట్టం ప్రకారం 95 ఏళ్ళ గడువు తీరి, 1929లో కామిక్‌గా పుట్టిన తొలి రూపపు పొపాయ్ 2025 జనవరి 1న అక్కడ అందరి సొత్తయ్యాడు. అంత్యక్రియలకు రాలేకపోయిన నావికుడికి 37 ఏళ్ళు ఆలస్యంగా దారి దొరికింది. ఈ లోపు మే క్వెస్టెల్ 1998లో కన్నుమూసింది.

ఈ కోపం పాత సినిమాతో ఆగేది కాదు. 2023 నవంబరులో వార్నర్ సంస్థ ‘కయోటి వర్సెస్ ఆక్మీ’ అనే సినిమాను విడుదల చేయబోమని ప్రకటించింది. అప్పటికే అది పూర్తయిపోయిన సినిమా. ఆక్మీ కంపెనీ సరుకుల వల్ల జీవితాంతం దెబ్బలు తిన్న వైల్ ఇ. కయోటి అనే కార్టూన్ తోడేలు ఆ కంపెనీ మీద కోర్టుకెక్కే కథ. నష్టంగా చూపించి పన్నులో సుమారు 3 కోట్ల డాలర్ల మేర లెక్క సర్దుకోవడానికని వార్తలు వచ్చాయి. ఇక్కడ ఒక దృశ్యం కాదు, ఒక పాత్ర కాదు, సినిమా మొత్తం డిప్‌లో మునగబోయింది. కథ ఆగిపోతోందని కాదు, బాగాలేదని కాదు. లెక్కల పుస్తకంలో ఒక గడి కోసం.

దీన్ని సమర్థించేవారు చెప్పే మాట నేను విన్నాను: డబ్బు పెట్టినవాడికి తన సరుకును తగలబెట్టుకునే హక్కు ఉంటుందని. చట్టం అలాగే ఉండవచ్చు. కానీ సినిమా ఒక్కడి చేతి పని కాదు. దానిలో వందల మంది జీవితాల్లోంచి తీసి ఇచ్చిన నెలలూ ఏళ్ళూ ఉంటాయి. కథ కోసం ఒక షాటు తీసేసినప్పుడు, నా తాబేలులాగా, ఆ శ్రమ సినిమాలో ఎక్కడో కలిసిపోతుంది. మిగిలిన షాట్లు బాగుపడతాయి. లెక్క కోసం సినిమానే పాతిపెడితే బాగుపడేది ఏదీ ఉండదు.

ఇది నాకు పుస్తకాల్లో చదివి తెలిసినది కాదు. తాబేలు షాటు పోయిన నాలుగేళ్ళకు మా బృందం ఒక పొడవాటి బొమ్మల సినిమా మీద పని చేసింది. ఇరవై రెండు మందిమి, పద్నాలుగు నెలలు. సగానికి పైగా పూర్తయ్యాక ఆ పాత్రల హక్కులు చేతులు మారాయి. కొత్తవాళ్ళకు అది అక్కర్లేదు. ఒక శుక్రవారం సాయంత్రం మా కంప్యూటర్ల నుంచి ఫైళ్ళన్నీ తీసేశారు. కాగితం మీద గీసినవి కూడా ఇంటికి తీసుకెళ్ళకూడదన్నారు. తాబేలు పోయినప్పుడు ఏడ్చిన నేను ఆ రోజు ఏడవలేదు. ఎవరం మాట్లాడుకోలేదు కూడా. తాబేలును ఎందుకు తీసేశారో నాకు చెప్పారు. ఇక్కడ మాకు ఎవరూ ఏమీ చెప్పలేదు, చెప్పడానికి కథకు సంబంధించిన కారణం ఒక్కటీ లేదు.

కయోటి సినిమా మునిగిపోలేదు. యానిమేటర్లు, దర్శకులు, మామూలు ప్రేక్షకులు గొంతెత్తారు. చివరికి 2025 మార్చిలో కెచప్ ఎంటర్‌టైన్‌మెంట్ అనే చిన్న సంస్థ దాన్ని సుమారు 5 కోట్ల డాలర్లకు కొన్నదని వార్త వచ్చింది. విడుదల తేదీ 2026 ఆగస్టు 28గా ప్రకటించారు. ఆ వార్త వచ్చిన రోజు మా పాత బృందంలోని ఒకావిడ నాకు ఫోను చేసింది. ఆవిడ ఇప్పుడు బెంగళూరులో ఉంటోంది, బొమ్మలు గీయడం మానేసింది. ఇక్కడ విడుదలైతే మొదటి ఆటకు కలిసి వెళ్దామంది. ఇరవై రెండు మందిలో ఇప్పటికి తొమ్మిది మందిమి ఒప్పుకున్నాం. మిగతావాళ్ళ నంబర్లు వెతుకుతున్నాను.